సొంతిల్లేనా వాళ్లది?

పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథని నేను పదిహేనేళ్లుగా పాఠం చెప్తున్నాను. కంచికచర్ల, చందర్లపాడు, వీరులపాడు వైపు నుంచి నందిగామలోని మా కాలేజీకి వచ్చే ఆడపిల్లలకి ఆ కథ ఇట్టే పట్టుబడుతుంది. పెళ్లయి ఒకింటికి వచ్చి, ఆ ఇంటిని అలుకుతూ, కడుగుతూ, తుడుస్తూ బతుకుతున్న ఒకావిడ ఉన్నట్టుండి తన పేరు మర్చిపోతుంది. ఇంట్లోవాళ్లకీ ఇరుగుపొరుగుకీ కూడా ఆ పేరుతో పనుండదు. పేరు వెతుక్కుంటూ పుట్టింటికి బయల్దేరుతుంది. చివరికి పాత స్నేహితురాలు ‘శారదా’ అని పిలిస్తే తనకి తను దొరుకుతుంది. ఇల్లలుకుతూ పేరు మర్చిపోయిన ఈగ కథ చిన్నప్పుడు మనమంతా విన్నదే. దాన్ని తీసుకొచ్చి మన నట్టింట్లో పెట్టారు సత్యవతి గారు. ఏటా పిల్లలు నవ్వుతారు, తర్వాత నవ్వడం మానేస్తారు. ఒకరిద్దరు వాళ్లమ్మ పూర్తి పేరు ఏమిటో ఆ సాయంత్రం ఇంటికెళ్లి అడిగి వస్తారు.

2012లో ఒక ఎండాకాలం సాయంత్రం ఈ కథ మా అమ్మకి చెప్పాను. చేటలో బియ్యం పోసుకుని మట్టిగడ్డలు ఏరుతోంది అమ్మ. కథంతా శ్రద్ధగా విని, “సొంతిల్లేనా వాళ్లది?” అనడిగింది.

నాకు చిరాకేసింది. “అదా అమ్మా నువ్వడిగేది? ఆవిడ పేరే మర్చిపోయిందంటుంటే!”

“ఏం లేదులేవే. అన్నేళ్లూ ఒక్కింటినే అలుక్కుందిగా, అందుకని అడిగా” అని మళ్లీ చేట అందుకుంది.

ఆ ప్రశ్నని చదువుకోని మనిషి అమాయకత్వం కింద జమకట్టి పక్కన పెట్టేశాను. అది సాహిత్య విమర్శ అని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అమ్మ లేదిప్పుడు. ఆలస్యంగానైనా ఆమె ప్రశ్నకి జవాబు వెతకడానికే ఈ వ్యాసం.

జగ్గయ్యపేటలో పదహారేళ్లలో పదకొండిళ్లు మారాం మేం. 2022 ఏప్రిల్ నుంచి మా ఊళ్లు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి గానీ, మా నోళ్లలో ఇంకా కృష్ణా జిల్లా మెట్టే. నాన్న సున్నపురాయి లారీల మీద డ్రైవరు. లోడున్న నెల డబ్బు, లేని నెల లేదు. అమ్మ జాకెట్లు కుట్టేది. ఇళ్లు మారడానికి ఒక్కోసారి ఒక్కో కారణం. ఇంటివాళ్ల అబ్బాయికి పెళ్లి. అద్దె రెండు నెలలు ఆగింది. రాత్రిళ్లు మిషను చప్పుడు. మేం ముగ్గురం ఆడపిల్లలం, నీళ్లు ఎక్కువ వాడుతున్నాం. ఒకింట్లో చిన్నపిన్ని పురిటికి వచ్చిందని తెలిసి, “పురుడు మాత్రం ఇక్కడ పోయొద్దు, మాకు అచ్చిరాదు” అన్నారు. తొమ్మిదో నెల కడుపుతో పిన్ని బస్సెక్కి వెళ్లిపోయింది. మాది గేటు లోపలి దాకా అయినా రానిచ్చే కులం. నా మాల, మాదిగ స్నేహితురాళ్లకీ ముస్లిం స్నేహితురాళ్లకీ ‘టు-లెట్’ బోర్డు వేలాడుతుండగానే “ఇచ్చేశామమ్మా” అన్న మాట వినపడేది.

ఇవన్నీ కష్టాలుగా చెప్పుకోవడం మనకి అలవాటే. నేనడిగేది వేరే. ఇవి అమ్మ ఒంట్లోకి ఎట్లా వెళ్లాయి?

గేటు చప్పుడైతే అమ్మ మిషను ఆపేది. ఒకటో తారీకు దగ్గర పడుతుంటే నిద్ర పోయేది. పెరటి వైపు వాటాలకి దొడ్డి ఒకటే. ఇంటివాళ్ల మగవాళ్లు వరండాలో కూర్చుని ఉంటే వాళ్లు లేచిందాకా అటు వెళ్లేది కాదు. వెళ్లాల్సిన అవసరం రాకూడదని నీళ్లు తాగడమే తగ్గించింది. ఎండలు ముదిరాక నందిగామ పేరు పేపర్లో ఉష్ణోగ్రతల పట్టికలో కనపడుతూనే ఉంటుంది. అలాంటి మెట్ట ఎండల్లో, రేకుల గదిలో, మిషను ముందు కూర్చుని, నీళ్లు తాగని మనిషి! మూత్రంలో మంట, నడుం నొప్పి, తలతిప్పు. ఆడవాళ్ల రోగాలన్నారు అందరూ. “దడగా ఉంటోందండీ, గాబరాగా ఉంటోంది” అంటే డాక్టరుగారు బలానికి ఇంజెక్షను వేసి పంపేవారు. ఆ దడకి కారణం ఇంటి అద్దె అని ఏ చీటీ మీదా రాయరు కదా.

2005లో అమ్మకి క్షయ అని తేలింది. అప్పట్లో డాట్స్ పద్ధతి. మొదటి రెండు నెలలూ రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు, ఆరోగ్య కార్యకర్త కళ్లెదురుగా మందులు మింగాలి. మొత్తం ఆరు నెలల వైద్యం. “గాలీ వెలుతురూ ఉన్న ఇంట్లో ఉండండి” అన్నారు డాక్టరుగారు. ఆ ఒక్క మందూ ఏ షాపులోనూ దొరకలేదు. మా గదికున్న ఒక్క కిటికీ ఇంటివాళ్ల వంటగది వైపుకి. దగ్గు వినపడుతుందని అమ్మ దాన్ని మూసేసింది. ఆరోగ్య కార్యకర్తని ఇంటికి రావద్దని బతిమాలుకుంది. జాకెట్లిచ్చి వస్తానని చెప్పి తనే వెళ్లి మందు మింగి వచ్చేది. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. మూసిన గదిలో రోగం ఇంట్లో మిగతావాళ్లకి అంటుకుంటుందని తెలియక కాదు. కిటికీ తెరిస్తే ఇల్లు పోతుంది, మూస్తే ఊపిరి పోతుంది. అమ్మ రోజూ ఈ లెక్క చేసుకునేది. నాలుగో నెలలో తెలిసిపోయింది, ఖాళీ చేయమన్నారు. తర్వాతింట్లో నెల కూడా ఉండలేదు. అమ్మ మందుల కార్డు నా దగ్గరుంది. దాని మీద చిరునామా రెండుసార్లు కొట్టేసి రాసుంది. మా అమ్మ ఈ లోకంలో రాయించుకున్న ఆత్మకథ అదొక్కటే.

ఇంతా చేసి, మమ్మల్ని ఖాళీ చేయించిన వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. అందులో ఒకావిడ భర్త పోయిన మనిషి. ఆవిడకి మా అద్దే ఆధారం. క్షయ ఉన్న వాటాలోకి మళ్లీ ఎవరూ రారని ఆవిడ భయం. ఆవిడకీ రాత్రిళ్లు నిద్రుండేది కాదనుకుంటాను. గోడకి అటొక ఆడమనిషి, ఇటొక ఆడమనిషి. స్త్రీలంతా అక్కచెల్లెళ్లే అన్న మన మాట ఆ గోడ దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు మన సాహిత్యం దగ్గరికి వస్తాను. 1993లో ‘నీలి మేఘాలు’ సంకలనం వచ్చినప్పటి ఉద్వేగం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నాకది పదేళ్ల తర్వాత కాలేజీ లైబ్రరీలో దొరికింది. విమల గారి ‘వంటిల్లు’ చదివి మా హాస్టల్ గదిలో ముగ్గురం ఏడ్చాం. ఓల్గా గారి ‘రాజకీయ కథలు’ ఆడదాని శరీరంలో ఒక్కో అవయవం మీదా సమాజం ఎట్లా కాపలా కాస్తుందో చూపించాయి. ఇల్లు స్వర్గసీమ అని అప్పటిదాకా చెప్పుకొచ్చిన అబద్ధాన్ని ఈ రచనలన్నీ కలిసి బద్దలుకొట్టాయి. ఇల్లంటే చెరసాల అని ఒప్పించాయి. ఆ మాట అప్పుడు అవసరం, ఇప్పటికీ అవసరమే.

కాకపోతే ఈ చూపులో ఒక నమ్మకం చెప్పకుండానే చేరిపోయింది. ఇల్లు ఉంటుంది, అది కదలదు. అందులోంచి బయటపడటమే స్త్రీ సమస్య. చెరసాలకైనా ఒక చిరునామా ఉంటుందన్న సంగతి మా అమ్మలాంటి వాళ్లకి తెలుసు. స్త్రీ రాయాలంటే ఏడాదికి ఐదొందల పౌన్లూ, తాళం వేసుకోగల సొంత గదీ కావాలని వర్జీనియా ఉల్ఫ్ 1929లో అంది. ఆ వాక్యంలో మనం ‘రాయడం’ మీద ఎంతో చర్చించాం, ‘తాళం’ మీద తక్కువ. తాళం రెండో చెవి ఇంటావిడ బొడ్లో ఉంటే ఆ గది ఎవరిది? 2003లో గోగు శ్యామల గారి సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చాక, మన ఇల్లాలి అనుభవమే స్త్రీలందరి అనుభవమని అనుకోవడం కుదరదని దళిత స్త్రీలు తేల్చి చెప్పారు. అయినా ఇంటి గురించిన మన విమర్శ సొంతింటి నట్టింట్లోనే తిరుగుతోంది. అద్దె వాటాలోకి ఇంకా తొంగి చూడలేదు.

అమ్మ ప్రశ్నతో ‘ఇల్లలకగానే’ని మళ్లీ చదివితే కథ చిన్నదైపోతుందని మొదట భయపడ్డాను. చదివితే పెద్దదైంది. ఈ ఇల్లు నీదేనని శారదకి చెప్తారు. అయితే ఆ ‘నీదే’ అన్న మాటకి అర్థం అలికే బాధ్యత నీదేనని. హక్కు సంగతి అందులో లేదు. అద్దె లేకుండా, కాగితం లేకుండా, పనికి బదులుగా ఉండనిచ్చిన మనిషి ఆమె. పేరు మర్చిపోవడం ఆ ఒప్పందంలో ఆమె చెల్లించిన అద్దె. మా అమ్మ కూడా పేరు పోగొట్టుకుంది. పదకొండిళ్లలోనూ ఆమె ‘వెనక వాటా ఆవిడే’. ఇద్దరిదీ ఒకే రోగం. తేడా ఎక్కడంటే, శారదకి తన పేరు తెలిసిన ఊరొకటి మిగిలింది. పాత స్నేహితురాలు దారిలో ఎదురైంది. ఏడాదికొక వీధి మారే మనిషిని పేరు పెట్టి పిలిచే స్నేహితురాలు ఎక్కడ దొరుకుతుంది? ఇల్లు మారినప్పుడల్లా అమ్మ పోగొట్టుకున్నది గోడలొక్కటే కాదు. చేబదులిచ్చే పక్కింటావిడ, జ్వరమొస్తే చారు కాచి పంపే ఎదురింటావిడ, జాకెట్లిచ్చే పదిళ్లు. ఆరోగ్యం ఒంట్లో మాత్రమే ఉండదు, వీధిలో కూడా ఉంటుంది.

ఇదేమీ మా ఇంటి గోడు మాత్రమే కాదు. అమెరికాలో మాథ్యూ డెస్మండ్, రేచెల్ కింబ్రో 2015లో అచ్చు వేసిన అధ్యయనం ఇళ్లు ఖాళీ చేయించబడిన తల్లుల్ని పరిశీలించింది. వాళ్లలో దిగులు జబ్బు ఎక్కువగా ఉంది, తమ ఆరోగ్యమూ పిల్లల ఆరోగ్యమూ బాగాలేదని చెప్పినవాళ్లూ ఎక్కువ. ఖాళీ చేసిన రెండేళ్ల తర్వాత కూడా ఆ దిగులు పూర్తిగా పోలేదు. మన భాషలో దీన్ని బెంగ అంటాం. ‘ఒళ్లు గుల్ల, ఇల్లు గుల్ల’ అంటూ ఒంటినీ ఇంటినీ ఒక్క ఊపిరిలో కలిపి మాట్లాడే భాష మనది. సారాకి ఎదురు తిరిగినప్పుడు ఆడవాళ్లు ఆ రెంటినీ విడదీసి చూడలేదు. విడదీసింది మన విమర్శే.

మా మెట్టలోనే పుట్టిన ఇద్దరు స్త్రీల దగ్గరికి వెళ్తే ఇది ఇంకా స్పష్టంగా కనపడుతుంది. ఇద్దరిదీ మున్నేటి ఒడ్డునున్న పెనుగంచిప్రోలే. ఒకరు అక్కడ పుట్టి వెళ్లిపోయారు. ఒకరు అక్కడికి కోడలిగా వచ్చారు.

1874లో పుట్టిన భండారు అచ్చమాంబ మొదటివారు. చిన్నతనంలోనే తండ్రి పోతే సవతి అన్న పంచన, పెళ్లయ్యాక భర్త ఉద్యోగం ఎక్కడుంటే అక్కడ. 1905లో చనిపోయేనాటికి ముప్పై ఏళ్లు. ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న ఆవిడ, దిక్కులేని పిల్లల్ని తెచ్చి తనింట్లో పెట్టుకుని చదివించింది. ఉద్యోగంతో మారే ఇంటినే పదిమందికి ఆశ్రయం చేసింది. 1902లో రాసిన ‘ధన త్రయోదశి’ కథలో, లోకమంతా పండగ చేసుకుంటున్న రోజున ఒక పేద ఇంటి చిరుద్యోగి యజమాని సొమ్ము కాజేసి తెస్తాడు. భార్య ఒప్పుకోదు, తిరిగిచ్చి రమ్మంటుంది. ఇల్లాలి నీతికి నిదర్శనంగా ఈ కథని చదువుతూ వచ్చాం. నాకు అందులో ఇల్లాలి లెక్క కూడా కనపడుతుంది. యజమాని కన్నెర్ర చేస్తే పోయేది కొలువొక్కటే కాదు, తలదాచుకున్న చోటు కూడా. పేదింటి ఆడదానికి నీతీ భయమూ వేరువేరు అరల్లో ఉండవు. నూట ఇరవై ఏళ్ల కిందటి మన తొలి కథల్లోనే ఆ ఇరుకు ఉంది. మనం నీతిని తీసుకుని ఇరుకుని వదిలేశాం.

రెండో ఆవిడ తిరుపతమ్మ. తిరునాళ్లకి బండ్లు కట్టుకుని వెళ్లే మా ప్రాంతపు ఆడవాళ్లలో ఆ కథ తెలియని వాళ్లుండరు. అత్తింటి ఆరళ్లు పడిన కోడలు. కుష్ఠు సోకిందని ఆమెని ఇంట్లోంచి పశువుల కొట్టంలోకి నెట్టారు. పాపమాంబ అనే మనిషి ఒక్కతే సేవ చేసింది. పశువుల్ని తోలుకెళ్లిన భర్త గోపయ్య అడవిలో పులి బారిన పడ్డాడు. ఆమె యోగాగ్నిలో దేహం వదిలి దేవతైంది. రెండేళ్లకోసారి ఆ విగ్రహాలని రంగులు దిద్దడానికి మా జగ్గయ్యపేటకే ఊరేగింపుగా తెస్తారు. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని ఆ జనంలో నిలబడి చూశాను. రోగం రాగానే ఇల్లు పోయిన ఆడమనిషి కథ ఇది. దేవత అయితే తప్ప ఆమెకి మళ్లీ కప్పు దొరకలేదు. అయినా చాలా ఏళ్లు నేను దీన్ని పాతివ్రత్యపు కథగానే కొట్టిపారేశాను.

2019లో అమ్మ విజయవాడలో ఆసుపత్రిలో చనిపోయింది. పాత క్షయ ఊపిరితిత్తుల్ని ఎప్పుడో తినేసింది, చివరికి న్యుమోనియా. అప్పటికి మేం నందిగామలో అద్దెకుంటున్నాం. అంబులెన్సు ఇంకా కదలకముందే ఇంటివాళ్ల ఫోను. “అమ్మాయీ, ఏమీ అనుకోకు. శవాన్ని మాత్రం ఇంటికి తీసుకురావద్దు. మీరు రేపు ఖాళీ చేసి పోతారు, మేం ఉండాల్సినవాళ్లం.” అద్దె ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు. పురుడుకీ చావుకీ అద్దె ఇంట్లో చోటుండదని అందరికీ తెలుసు. ఆ రాత్రి అమ్మని మేనమామ ఊరు తీసుకెళ్లాం. ఇంట్లో మనవరాలి పెళ్లి పనులు జరుగుతున్నాయి. గొడ్లసావిడి ఊడ్చి, గేదెల్ని బయట కట్టేసి, అక్కడ పడుకోబెట్టారు. అత్తయ్య దీపం పెడుతూ, “తిరుపతమ్మ తల్లిలాగా ఇక్కడికొచ్చావా వదినా” అని ఏడ్చింది. నేను ఇరవై ఏళ్లు సాహిత్యం చదివి చెయ్యలేకపోయిన పఠనాన్ని అత్తయ్య ఒక్క వాక్యంలో చేసింది.

చట్టాలు లేవా అంటారేమో. సరైన కారణం చూపకుండా అద్దెకున్నవాళ్లని ఖాళీ చేయించకూడదని మన రాష్ట్రంలో 1960లోనే చట్టం వచ్చింది. రసీదు లేని, కాగితం లేని అద్దెకి అది చేతికందలేదు. 2005 గృహహింస చట్టం, భార్య ఉంటున్న ఇల్లు అద్దెదైనా సరే అందులో ఉండే హక్కు ఆమెకుందని చెప్పింది. ఎన్నో ఏళ్ల పోరాటం ఫలితం అది. అయితే ఆ హక్కు ఆ కుటుంబంలోని వాళ్ల మీద చెల్లుతుంది. అద్దె ఇంటి యజమాని తలుపు మూస్తే ఆ చట్టం వీధిలోనే నిలబడిపోతుంది. ఇక పట్టాలు. 2020 డిసెంబరు నుంచి రాష్ట్రంలో లక్షల మంది స్త్రీల పేరున ఇళ్ల స్థలాలిచ్చారు. పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. ఆడదాని పేరున కాగితం రావడాన్ని నేను తక్కువ చెయ్యను. మిర్చి కోతలకి వెళ్లే ఒకావిడ లామినేషన్ చేయించిన పట్టా బియ్యం డ్రమ్ములో దాచుకుని, నాకు తీసి చూపించి, మళ్లీ అడుక్కి తోసింది. సెంటంటే నలభై ఎనిమిది గజాల చిల్లర. కూలి పని దొరికే చోటికి దూరం, కట్టుకోవడానికి అప్పు. ఆ కాగితం ఇల్లు అయ్యేలోపు ఆమె ఇంకెన్ని వాటాలు మారుతుందో, ఇంకెన్ని రాత్రులు ఆ దడతో పడుకుంటుందో లెక్కపెట్టే పద్ధతి మనకి లేదు.

ఆ లెక్క సాహిత్యం చెయ్యగలదని నా నమ్మకం. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇంట్లోనే ఉండమని అందరికీ చెప్పారు. అదే నెలల్లో దేశంలో చాలాచోట్ల డాక్టర్లనీ నర్సుల్నీ కూడా అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్నారు. ఎంతోమంది లాక్‌డౌన్ కథలు రాశాం. కిటికీలోంచి కనిపించిన చెట్టు గురించి రాశాం. కిటికీ మూసుకోవాల్సి వచ్చినవాళ్ల గురించి ఎంతమందిమి రాశాం? మన కథల్లో స్త్రీ తలుపు తీసుకుని బయటికి నడిస్తే చప్పట్లు కొడతాం. ఆ అడుగు పడిన రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుందని అడగం. హింస పెట్టే మొగుడితో ఆమె ఎందుకు ఉండిపోయిందంటే సంస్కారం, పిల్లలు, పరువు అని విశ్లేషిస్తాం. చాలాసార్లు జవాబు ఒంటరి ఆడదానికి ఇల్లు అద్దెకి ఇవ్వరన్నంత చిన్నది. అడ్వాన్సు ఎంత, దొడ్డి ఎక్కడ, మోటారు ఎప్పుడు వేస్తారు అన్న వివరాలు కథకి అడ్డం అనుకుంటాం. మా అమ్మ ఒంటి మీద కథ రాసింది ఆ వివరాలే.

పోయినేడు ‘ఇల్లలకగానే’ పాఠం మొదలుపెట్టే ముందు అమ్మ ప్రశ్న బోర్డు మీద రాశాను. ఇప్పటిదాకా మీరున్న ఇళ్ల జాబితా రాయండి అన్నాను. కొందరు ఒక్క లైను రాసి పెన్ను మూసేశారు. వెనక బెంచీలో ఒకమ్మాయి పేజీ తిప్పి రెండో వైపు కూడా రాస్తూనే ఉంది. డోరు నంబర్లు లేవు. ‘వేపచెట్టు ఇల్లు, తొమ్మిది నెలలు. రేకుల ఇల్లు, అమ్మకి ఫిట్స్ మొదలైంది ఇక్కడే. మామ్మగారి ఇల్లు, మంచిది, మామ్మగారు చనిపోయారు.’ గంట కొట్టాక కాగితం ఇస్తూ, “ఇంకా రెండున్నాయి మేడమ్, గుర్తు రావట్లేదు. అమ్మనడిగి రేపు రాస్తాను” అంది.

మర్నాడు రాసుకొచ్చింది. రెండు కాదు, నాలుగు.